సరస్సు ఒడ్డున వాన పాట

ఆస్ట్రియాలో క్లాగెన్‌ఫుర్ట్ దగ్గర రైలెక్కితే, కాసేపటికే పోర్చాక్ వస్తుంది. చిన్న ఊరు. ఎదుట వెర్తర్‌జే సరస్సు, అవతల పచ్చని కొండలు. బ్రామ్స్ మహాశయుడు 1877 నుంచి వరుసగా మూడు వేసవులు గడిపిన చోటు ఇదే. ఫిడేలుకూ పియానోకూ ఆయన అచ్చువేయించిన మొదటి సొనాటా 1879లో ఇక్కడే పూర్తయింది. ఒడ్డు వెంట నడుస్తూ దాని కథే తలపోశాను.

ఆయన గురుతుల్యుడు షూమాన్ భార్య క్లారా గొప్ప పియానో విద్వాంసురాలు. ఆమె కడగొట్టు కొడుకు ఫెలిక్స్ ఫిడేలు నేర్చాడు, కవిత్వం రాశాడు. 1879 ఫిబ్రవరిలో, 24 ఏళ్లకే, క్షయతో పోయాడు. ఆ దుఃఖపు రోజుల్లో బ్రామ్స్ ఈ సొనాటా రెండవ భాగంలోని మొదటి స్వరాలు కాగితం మీద రాసి ఆ తల్లికి పంపాడు. మాటలకన్న అవే తన మనసు తేటగా చెబుతాయన్నాడు.

చివరి భాగంలో ఆయన పూర్వం కూర్చిన ‘వాన పాట’ వరస వినిపిస్తుంది. పియానో మీద చినుకులు రాలుతుంటే, నడుమ ఆ ఓదార్పు స్వరాలే మళ్లీ వచ్చి పలకరిస్తాయి.

పరలోక ప్రయాణంలో ఈ చివరి భాగం తనకు తోడు రావాలని కోరుకున్నది క్లారా. ఇంతకన్న మెప్పు ఏ సంగీతజ్ఞుడికి కావాలి, చెప్పండి!