కొండమెట్లూ, మంచు పంట్లామూ

తిరుపతిలో కాపురం ఉన్నవాళ్ళకు బంధువులు ఎక్కువ. వచ్చేవాళ్ళు అడిగే ప్రశ్నలన్నీ నాకు కంఠతా వచ్చు. దర్శనానికి ఎంతసేపు పడుతుంది, కొండమీద చలి ఉంటుందా, గది దొరుకుతుందా - ఇవే. కాని వానల్లో నడిచి కొండెక్కాలంటే కాళ్ళకు ఏం తొడుక్కోవాలి అని ఇంతవరకూ ఒక్కరూ అడగలేదు. అడగనిదానికి జవాబు చెప్పడం మా అధ్యాపకులకు ఉన్న జబ్బు గనుక చెబుతున్నాను. అందులోనూ ఈ జవాబు నాకు ఊరికే రాలేదు. ఒక మొక్కు ఏడాదిపాటు నిలిచిపోయిన తరువాత వచ్చింది.

మొక్కు నాది కాదు, మా అమ్మది. మా అమ్మాయికి డెంగీ జ్వరం వచ్చి ఆసుపత్రిలో ఉన్నప్పుడు, నడిచి కొండకు వస్తానని, మోకాళ్ళమెట్లు మోకాళ్ళతోనే ఎక్కుతానని అమ్మ మొక్కుకుంది. పసుపుగుడ్డలో ముడుపు కట్టింది. పిల్ల లేచి తిరిగింది గాని, ఆ వెనకే అమ్మ మోకాళ్ళు పట్టేశాయి. ఇంట్లో రెండు గడపలు దాటడమే కష్టమైపోయింది. "నీ బదులు నేను ఎక్కుతాలే" అన్నాను. కొడుకు ఎక్కినా చెల్లుతుందని ఆమె ఎవరెవరినో అడిగి తెలుసుకుని, సరేనంది.

నిరుడు కార్తీకంలో బయలుదేరాను. మిగతా ఆంధ్రదేశం చాలామేరకు శ్రావణ భాద్రపదాల్లో తడిస్తే, మా చిత్తూరు సీమ ఆశ్వయుజం నుంచి మార్గశిరం దాకా తడుస్తుంది. ఈశాన్య ఋతుపవనాల చలవ అది. బంగాళాఖాతంలో వాయుగుండం పడిందంటే కొండల్లో ప్రతి బండా జలపాతమే. 2021 నవంబరులో కురిసిన వానకు ఘాట్ రోడ్లూ నడకదారులూ కూడా మూసివేశారు. చంద్రగిరి వైపున్న శ్రీవారిమెట్టు దారి ఎంతగా దెబ్బతిన్నదంటే, దాన్ని బాగుచేసి మళ్ళీ తెరిచేసరికి 2022 మే నెల వచ్చింది. నేను వెళ్ళిన నాటిది అంతటి వాన కాదు, మామూలు ముసురు.

అలిపిరి దారిలో మెట్లు 3,550. నడక సుమారు తొమ్మిది కిలోమీటర్లు. దారికి చాలామేరకు పైకప్పు ఉంది గదా, భయమేమిటి అనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను. కాని పైకప్పు కాపాడేది తలనే. గాలి తిరిగిందంటే జల్లు పక్కనుంచి కొడుతుంది, మెట్లమీద నీళ్ళు కాలువలా దిగివస్తాయి. గొడుగు నడుముకు పైభాగాన్ని ఆదుకుంటుంది గాని, కింది సగానికి దిక్కెవరు? నేను కాలేజీకి వేసుకునే మందపాటి నూలు పంట్లాం వేసుకున్నాను. వంద మెట్లకే అది నీళ్ళు తాగి బరువెక్కి కాళ్ళకు అతుక్కుపోయింది. మోకాలు వంచితే పైకి జరగదు, అంచు పాదాల కిందికి వస్తుంది. చెప్పులు లేని కాళ్ళు, నాచుపట్టిన రాయి, పాదం కింద తడిగుడ్డ. గాలిగోపురం దగ్గర అరగంట కూర్చున్నానో లేదో చలి పట్టుకుంది. తడి ఆరుతూ ఒంట్లో వేడిని తీసుకుపోతుంది. కూజాలో నీళ్ళు చల్లబడడానికి కారణమూ ఇదే. కూజాకు మంచిది గాని మనిషికి కాదు. పళ్ళు టకటక కొట్టుకుంటూ దిగివచ్చాను. అమ్మ ఏమీ అనలేదు. ముడుపు తీసి మళ్ళీ దేవుడిగూట్లో పెట్టింది. అన్నా బాగుండేది.

ఈ ఏడాది నవంబరులో మా అక్కకొడుకు అమెరికానుంచి వచ్చాడు. డెన్వర్ పట్టణంలో ఉద్యోగం. చలికాలం శనాదివారాలు రాకీ కొండల్లో స్నోబోర్డింగ్ అనే ఆట ఆడతాడట. రెండు పాదాలనూ ఒకే పలకకు బిగించుకుని మంచువాలున జారడమే ఆ ఆట. 1965లో మిచిగన్ రాష్ట్రంలో షెర్మన్ పాపెన్ అనే ఆయన తన కూతుళ్ళ సరదాకోసం రెండు స్కీపలకలు జోడించి బిగించాడు. ఆ సరదా 1998 నాటికి జపానులోని నగానోలో ఒలింపిక్ ఆట అయి కూర్చుంది. మావాడు డిసెంబరు ఆఖరులో స్నేహితులతో కాశ్మీరులోని గుల్మార్గుకు పోయి అక్కడా జారబోతున్నాడు. అందుకని పెట్టెలో ఒక పంట్లాం తెచ్చుకున్నాడు.

నా కథ విని, "మామా, ఇది వేసుకో. ఇందులోకి చుక్క నీరు దిగదు" అన్నాడు.

ఆ రాత్రి మా వరండాలో నాకు పాఠం జరిగింది. గుడ్డలోకి నీరు దిగకుండా చేసే విద్య పాతదే. 1823లో స్కాట్లండుకు చెందిన మాకింటాష్, రెండు గుడ్డల నడుమ కరిగించిన రబ్బరు పూసి వానకోటు గుడ్డకు పేటెంటు పొందాడు. నీరు లోపలికి రాదు, నిజమే. చెమట బయటికీ పోదు. ఆ చిక్కు విడదీయడానికి దాదాపు నూటయాభై ఏళ్ళు పట్టింది. 1969లో బాబ్ గోర్ అనే అమెరికన్, మన దోసెపెనానికి పూసే టెఫ్లాన్ జాతి పదార్థాన్ని ఒక్క గుంజుతో సాగదీస్తే, అది కంటికి కనబడని రంధ్రాలున్న పొరగా తయారైంది. ఆ రంధ్రాల్లో నీటిబొట్టు పట్టదు, చెమట ఆవిరి పడుతుంది. గోర్‌టెక్స్ అంటే ఇదే.

ఇలాంటి గుడ్డకు అంకెలు ఉంటాయి. గుడ్డమీద నిలువుగా నీటిస్తంభం నిలబెడితే ఎంత ఎత్తు నీటిని ఓర్చుకుంటుందన్నది మొదటి అంకె. మావాడి పంట్లాం 10,000 మిల్లీమీటర్లది, అంటే పది మీటర్లు, మూడంతస్తుల మేడంత. ఇంత దేనికయ్యా, వాన అంత బరువుగా పడుతుందా అన్నాను. "వానకు కాదు మామా, కూర్చోవడానికి" అన్నాడు. పలక బిగించుకోవడానికి మంచులో చతికిలబడాలి, మోకాళ్ళమీద ఆనాలి, పడాలి. మనిషి బరువంతా నీటిని గుడ్డలోకి తోస్తుంది. కాబట్టి పంట్లాం కొనేటప్పుడు ముందు చూడవలసినవి పిరుదులూ మోకాళ్ళూ. ఆ తరువాత కుట్లు. సూది దిగిన ప్రతిచోటా ఒక రంధ్రం ఉన్నట్టే గనుక, కుట్లన్నిటి మీదా లోపల పట్టీ అతికించి ఉండాలి.

నేను ఆలోచనలో పడ్డాను. మెట్లమీద చతికిలబడడం, మోకాళ్ళమీద ఎక్కడం - మన కొండదారిలో చేసేదీ ఇదే కదా! డెన్వర్ ఆటగాడికీ తిరుమల మొక్కుబడిదారుకూ గుడ్డ అరిగేది ఒకేచోట.

కొండకు ఏం తొడుక్కుని ఎక్కాలన్న చర్చ మనకు కొత్త కాదు. తాళ్ళపాక అన్నమయ్య పసివాడుగా కొండెక్కుతూ మోకాళ్ళముడుపు దగ్గర సొమ్మసిల్లితే, అలమేలుమంగ ప్రత్యక్షమై, చెప్పులు విడిచి ఎక్కమని చెప్పిందని ఆయన మనుమడు చిన్నన్న రాసిన చరిత్ర చెబుతుంది. కొండ సాక్షాత్తూ ఆదిశేషుడే గనుక పాదం మోపరాదని రామానుజులవారు అక్కడ మోకాళ్ళతోనే ఎక్కారని పెద్దలంటారు. పాదాల సంగతి ఆ విధంగా ఏనాడో తేలిపోయింది. పంట్లాం సంగతే నాకు మిగిలింది.

అసలు మొక్కుకు వారం ముందు, ముసురు పట్టిన ఒక ఆదివారం ఆ మంచు పంట్లాం వేసుకుని గాలిగోపురం దాకా పరీక్షకు వెళ్ళాను. మా ఆవిడ గుమ్మంలో నిలబడి చూసి, "ఎవరైనా అడిగితే నాటకం వేషమని చెప్పండి" అంది. వేషమే. లోపల పలచని దూది పరుపు, కాలిమడమ దగ్గర బూటు చుట్టూ బిగించే రబ్బరుపట్టీ. నాకు బూట్లు ఎక్కడివి? ఆ పట్టీ నా ఒట్టి పిక్కను బంకలా పట్టుకుంది. నా పక్కన ఎక్కుతున్న ఒక చిన్నపిల్ల, "అమ్మా, ఈ తాతకి కాళ్ళు వాచిపోయినాయి" అంది. నలభై దాటినవాణ్ణి తాత అనడం ఒక బాధ, వాచిన కాళ్ళు ఒక బాధ.

వాన లోపలికి రాలేదు, ఒప్పుకోవాలి. కాని ఐదువందల మెట్లు ఎక్కేసరికి లోపల నా వానే మొదలయింది. పంట్లాం విప్పి పిండితే చెంబెడు చెమట వచ్చేదేమో! తొడల దగ్గర గాలికోసం జిప్పులున్నాయి. తెరిస్తే కొంత ఊరట. మావాడు తల గోక్కుని కారణం చెప్పాడు. ఆ పొరలోంచి ఆవిరి బయటికి పోవాలంటే లోపల వెచ్చగా, బయట చల్లగా పొడిగా ఉండాలి. రాకీ కొండల్లో అంతే. మన కొండమీద వానలో బయటిగాలే నీటితో నిండి ఉంటుంది, చలి కూడా మంచుకొండల చలి కాదు. ఆవిరికి పోవడానికి చోటేది?

మరునాడు బజారుకు వెళ్ళాం. స్కూటర్లవాళ్ళు తొడుక్కునే వానకోటు జతలో పంట్లాం ఒకటి వస్తుంది. ప్లాస్టిక్ పంట్లాం చౌక, కాని ఒక్క పెద్ద అంగ వేస్తే గజ్జల దగ్గర చిరిగిపోతుంది. పలచని నైలానుకు రబ్బరు పూత పూసినది కాస్త నయం. దుకాణదారు, "నడిచేదానికా సామీ? ఇది కూచునేదానికి కుట్టింది. మెట్లెక్కితే మోకాళ్ళకాడ పట్టేస్తాది" అన్నాడు. అమ్మేవాడి నోట నిజం విన్న సంతోషంతో అదే కొన్నాను. రెండు సైజులు పెద్దది తీసుకున్నాను.

ఇంటికి వచ్చి ఇదంతా చెబుతుంటే అమ్మ మంచంమీదినుంచి అంది: "తడిస్తే తడువు నాయనా. సంచిలో పొడిగుడ్డ పెట్టుకో. మేమంతా అట్లే ఎక్కినాం." అరవై ఏళ్ళ క్రితం వాళ్ళమ్మతో ఎక్కినప్పుడు, కట్టినచీర మోకాళ్ళదాకా ఎగదోపుకుని, మార్చుకునే చీర నూనెగుడ్డలో చుట్టి నెత్తిన పెట్టుకున్నారట. ఎక్కేటప్పుడు ఒళ్ళు వేడిగానే ఉంటుంది, చలి పట్టేది ఆగినప్పుడే. మావాడు చిటికె వేసి, పర్వతాలెక్కేవాళ్ళు చెప్పేదీ ఇదే అన్నాడు.

మార్గశిరంలో ఒక తెల్లవారుజామున బయలుదేరాం. నేను ఇట్టే ఆరిపోయే పలచని పాలియెస్టరు లాగు, మోకాళ్ళ కిందిదాకా ఉండేది, వేసుకున్నాను. నూలు పోగు లేదు. సంచిలో, ప్లాస్టిక్ కవరులో, పంచె, తువ్వాలు. ప్రత్యేక ప్రవేశ దర్శనానికి సంప్రదాయ దుస్తులే ఉండాలి గనుక పంచె ఎలాగూ తప్పదు. దానిమీద స్కూటరు పంట్లాం. ముడుపు మాత్రం ఎక్కడ పెట్టాలో తెలియలేదు. నా జేబులన్నీ తడిసేవే. చివరకు మావాడి మంచు పంట్లానికి ఉన్న జిప్పుజేబులో పెట్టి, ఆ పంట్లాం మడిచి వాడి సంచిలో వేశాం.

వాన పడింది. తడిశాను. ఈసారి గుడ్డ కాళ్ళకు చుట్టుకోలేదు, పాదాల కిందికి రాలేదు. గాలిగోపురం దగ్గర ఆగగానే లాగుమీదే స్కూటరు పంట్లాం తొడుక్కున్నాను, చలి రాలేదు. లేచేటప్పుడు విప్పేశాను. ఏడోమైలు దాటి ఘాట్ రోడ్డు పక్కన గాలి విసురు ఎక్కువైతే మళ్ళీ తొడిగాను.

మోకాళ్ళమెట్ల దగ్గర మావాడు సంచి విప్పి, "మామా, ఇక్కడ ఇది వేసుకో, దూది ఉంది, నొప్పి తెలియదు" అన్నాడు. చేయి చాచాను, ఎందుకు అబద్ధం చెప్పాలి? అంతలో అమ్మ మోకాళ్ళు గుర్తుకొచ్చాయి. "నువ్వు వేసుకో" అన్నాను. వాడు వేసుకుని నా వెనకే మోకాళ్ళమీద ఎక్కాడు. నేను పలచని లాగుతో ఎక్కాను. పైకి వచ్చేసరికి లాగు మోకాళ్ళ దగ్గర జల్లెడ, వాడి పంట్లాం మీద గీత కూడా లేదు.

స్నానం చేసి పొడి పంచె కట్టుకున్నాను. ఆ పంచె స్పర్శ ఇప్పటికీ గుర్తుంది. దర్శనమైన తరువాత హుండీ దగ్గర మావాడు నా చేతికిచ్చిన ముడుపు పొడిగానే ఉంది. కాని కొండెక్కి వచ్చిన ఆ జేబు లోపలంతా పసుపు అంటింది. మా ఆవిడ రెండుసార్లు ఉతికినా పోలేదు. వాడు దాన్ని అలాగే మడిచి గుల్మార్గుకు పట్టుకుపోయాడు.