నలబదవ యేట

నేను ప్రధానోపాధ్యాయుడుగా పనిచేసిన పాఠశాలలో ఒక బాలుడుండెను. ఇంటి యిబ్బందులచేత రెండేండ్లు చదువు మాని, గొఱ్ఱెలు కాచి, మరల ఎనిమిదవ తరగతిలో చేరెను. తోడి పిల్లలకంటె జానెడు పొడవుండుటచే వారు వానిని "తాతా" అని పిలిచి నవ్వుచుండిరి. ఒకనాడు వాడు నా గది వాకిట నిలిచి, "మాస్టారూ, నన్ను కూడ క్రికెట్టు జట్టులో చేర్చుకొనండి" అని వేడెను. నేను కాగితములనుండి తల యెత్తకయే, "నీకు కాలము మించినదిరా! చిన్నవాండ్రను ఆడనిమ్ము" అంటిని. వాడు మారుపలుకక వెడలిపోయెను. ఆ యేడంతయు మైదానపు అంచున కూర్చుండి, హద్దు దాటిన బంతులను తెచ్చి యిచ్చుచుండెను.

కొంతకాలమునకు కోటా రామస్వామి చరిత్రము చదివితిని. అది చదివిన నాడు నా మాట నాకే ములుకువలె గ్రుచ్చుకొనెను.

రామస్వామి 1896వ సంవత్సరము జూన్ 16వ తేదీన మద్రాసులో జన్మించెను. ఆయన తండ్రి బుచ్చిబాబు నాయుడు తెలుగువాడు. దక్షిణభారత క్రికెట్టునకు పితయని పేరొందినవాడు. ఆ దినములలో తెల్లదొరల క్రికెట్టు క్లబ్బున మనవారికి సభ్యత్వము లేదు. అందుచే బుచ్చిబాబు మద్రాసు యునైటెడ్ క్లబ్బును నెలకొల్పి, మన యువకులకు ఆట నేర్పించెను. రామస్వామిని మాతామహుడు దత్తత చేసికొనుటచే ఆయనకు "కోటా" అను ఇంటిపేరు వచ్చెను.

రామస్వామి ఎడమచేతి వాటపు ఆటగాడు. క్రికెట్టుతోపాటు టెన్నిసునందును ఆరితేరెను. ఇంగ్లండులో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున చదివిన ఆ రోజులలోనే, 1922లో, డేవిస్ కప్పు టెన్నిసు పోటీలలో భారతదేశము పక్షమున ఆడెను. తరువాత మద్రాసు రాజధానిలో వ్యవసాయశాఖ ఉద్యోగము చేయుచు, సంక్రాంతి దినములలో ఐరోపావారికిని భారతీయులకును జరుగు క్రికెట్టు పోటీలలో పాల్గొనుచుండెను. కాని దేశము పక్షమున క్రికెట్టు ఆడు భాగ్యము ఆయనకు కలుగలేదు. ఆ లోపము ఆయనది కాదు. భారతదేశము మొదటి టెస్టు ఆడినదే 1932లో! అప్పటికి ఆయనకు ముప్పదియారేండ్లు. ఆటగానికి కాలును కన్నును చురుకుగా నుండు ప్రాయమంతయు ఎదురుచూపులోనే గడచిపోయెను.

1936లో విజయనగర మహారాజకుమారుని నాయకత్వమున ఇంగ్లండునకు వెళ్లిన జట్టులో రామస్వామికి చోటు దొరకెను. మొదటి టెస్టున ఆయనను ఆడింపలేదు. జూలై 25వ తేదీన మాంచెస్టరులో ఆరంభమైన రెండవ టెస్టున, నలుబదేండ్లు నిండిన పిమ్మట, ఆయన తొలిసారి బరిలో దిగెను. మన జట్టు 203 పరుగులకే కూలిపోగా, అందు 40 పరుగులు రామస్వామివి. ఇంగ్లండు 8 వికెట్లకు 571 పరుగులు చేసి ఆటను మనకు వదలెను. 368 పరుగుల వెనుకబాటు! ఓటమి తప్పదనిపించు తరుణమది. అప్పుడు విజయ్ మర్చంటు, ముస్తాక్ అలీ మొదటి జోడిగా దిగి 203 పరుగులు కూర్చిరి. ఇరువురును శతకములు సాధించిరి. ముస్తాక్ అలీకి నాటికి ఇరువదియొక్క యేండ్లే. ఆ యువకులు వేసిన పునాది వ్యర్థము కాకుండ రామస్వామి 60 పరుగులు చేసెను. పోటీ గెలుపోటములు లేక ముగిసెను.

తరువాత ఓవలు మైదానమున జరిగిన టెస్టున మనవారు ఓడిపోయిరి. అందు ఆయన 29 పరుగులు, రెండవమారు ఔటు కాకుండ 41 పరుగులు చేసెను. రెండు టెస్టులు, నాలుగు ఇన్నింగ్సులు, 170 పరుగులు, సగటు 56కు పైన. ఇంతే ఆయన టెస్టు జీవితము. నడుమ ప్రపంచయుద్ధము వచ్చెను. భారతదేశము మరల టెస్టు ఆడుసరికి 1946వ సంవత్సరము, ఆయనకు ఏబదేండ్లు.

విద్యార్థులారా, ఆ నాలుగు ఇన్నింగ్సులకు వెనుక ఎన్ని సంవత్సరముల సాధన యున్నదో యోచింపుడు. పిలుపు వచ్చునో రాదో తెలియకయే ఆయన బ్యాటు క్రింద పెట్టలేదు. కనుకనే పిలుపు వచ్చిననాడు చేయి వణకలేదు. ఆయనను చూచి, "ఇతనికి కాలము మించినది" అని ఎంపికదారులు త్రోసివేసినచో, మాంచెస్టరులో ఆ 100 పరుగులు ఎవరు చేసెడివారు?

ఈ చరిత్రము చదివిన మరునాడే నేను ఆ బాలుని కొఱకు విచారించితిని. అప్పటికి వాడు బడి మానివేసియుండెను. వాని యూరికి పోయి చూడగా ఇంటికి తాళము వేసియున్నది. కుటుంబమంతయు కూలికై వలస పోయినదని ఇరుగుపొరుగువారు చెప్పిరి. జట్టులో చేర్చుకొన్నంతమాత్రమున వాని చదువు నిలిచెడిదో లేదో చెప్పజాలను. కాని ఆనాడు వాని యెదుట తలుపు మూసినవాడను నేనే.

పదవీవిరమణము చేయువఱకు ఏ పిల్లవానితోను నేను మరల ఆ మాట అనలేదు. మీరును ఎవరితోను అనకుడు. మీకెవరైన ఆ మాట చెప్పినచో, నమ్మకుడు.