లారీ యాడుంది మామా?

ముంబయిలోనో పుణెలోనో పాత అపార్ట్‌మెంట్ వంటింట్లోకి వెళ్లి, గ్యాస్ పొయ్యి పెట్టిన నల్లబండ పేరేంటని అడిగి చూడండి. 'కడప్పా' అంటారు. ఆ పేరు మన కడపదే. ఎర్రగుంట్ల, తాడిపత్రి వైపు నుంచి ఆ నల్లరాయి పోతుంది. కాస్త ఇవతల బేతంచెర్ల నుంచి పాలిష్ బండలు పోతాయి. బేతంచెర్ల ఒకప్పుడు కర్నూలు జిల్లా, 2022 ఏప్రిల్ నుంచి నంద్యాల జిల్లా. జిల్లా ఏదైనా బండలు పోయేది మాత్రం లారీల మీదే. ఆ లారీలను పంపేది చాలాసార్లు ఒక చిన్న గది. ఒక టేబులు, రెండు ఫోన్లు, ఒక బిల్టీ పుస్తకం, గోడకు దేవుడి క్యాలెండరు. అంతే ఆఫీసు.

మా మేనమామది బేతంచెర్లలో అలాంటి ఆఫీసే. సొంత లారీలు నాలుగు, బయటి బండ్లు అవసరాన్ని బట్టి. నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తాను కాబట్టి, పోయినేడాది ఆయన ఆఫీసుకు ఒక ట్రాన్స్‌పోర్ట్ మేనేజ్‌మెంట్ సాఫ్ట్‌వేర్ చూసిపెట్టే పని నామీద పడింది. అంతకు రెండేళ్ల ముందు నేనే ఆ మాట ఎత్తితే మామ నవ్వేశాడు. "నాలుగు బండ్లకు కంప్యూటరెందుకు అల్లుడూ, నాలుగు వేళ్లు సాలవా?" అన్నాడు.

బండి యాడుందో తెలుసుకోడానికే అయితే ఫోను చాలు, మామ మాట నిజమే. కష్టమంతా డబ్బు తిరిగొచ్చే దారిలో ఉంది.

లోడు ఎత్తగానే బండికి అడ్వాన్సు ఇవ్వాలి. డీజిల్, టోలు, డ్రైవర్ బత్తా అన్నీ అందులోనే. సరుకు పంపిన పార్టీ మాత్రం మామకు బాడుగ తర్వాతెప్పుడో ఇస్తుంది. అవతల సరుకు దించుకున్నవాళ్లు బిల్టీ మీద సంతకం పెట్టి, ముద్ర వేసి, ఆ కాపీ వెనక్కి రావాలి. ఇంగ్లిష్‌లో పీఓడీ అంటారు, మా ఆఫీసులో 'సంతకం కాయితం'. అది డ్రైవర్ సీటు కింద నలిగి, వానకు తడిసి, రిటన్ లోడుతో ఇంకో ఊరు తిరిగి, ఎప్పటికో చేరుతుంది. కాయితం రానిదే బిల్లు లేదు. బిల్లు పెట్టనిదే డబ్బు లేదు. ఈలోపు లారీ ఫైనాన్సు కిస్తీ ఆగదు, డీజిల్ బంకు ఖాతా ఆగదు.

ఒక లెక్క వేద్దాం. ట్రిప్పుకు సగటున 60 వేల బాడుగ, నెలకు 40 ట్రిప్పులు అనుకోండి. మొత్తం 24 లక్షలు. కాయితం 20 రోజులు లేటుగా వస్తుంటే, ఏ రోజు చూసినా 16 లక్షలు రోడ్డు మీదే ఉన్నట్టు. ఆ లోటు పూడ్చడానికి రెండు రూపాయల వడ్డీకి తెస్తే నెలకు 32 వేలు వడ్డీకే పోతుంది. డ్రైవర్ అన్‌లోడ్ అయినచోటే సంతకం కాయితాన్ని ఫోటో తీసి యాప్‌లో పెడితే మర్నాడే బిల్లు పెట్టొచ్చు. ఒరిజినలే కావాలని పట్టుబట్టే పార్టీలు ఇంకా ఉన్నాయి. ఫోటోకు ఒప్పుకునే పార్టీల దగ్గరైనా ఆ 20 రోజులు మిగిలితే, సాఫ్ట్‌వేర్ చందా దాని ముందు చిన్న ఖర్చే.

రెండో కారణం ఈ-వే బిల్లు. 2018 ఏప్రిల్ 1 నుంచి, 50 వేలు దాటిన సరుకు రాష్ట్రం దాటాలంటే అది ఉండాల్సిందే. మామూలు సరుకుకైతే 200 కిలోమీటర్లకు ఒక రోజు చొప్పున గడువు. ముంబయి దాదాపు 800 కిలోమీటర్లు అనుకుంటే నాలుగు రోజులు. దారిలో బండి చెడిపోయి సరుకు వేరే లారీకి మార్చితే కొత్త నెంబరు ఎక్కించాలి. గడువు దాటేట్టుంటే, అది ముగియడానికి 8 గంటల ముందు నుంచి ముగిశాక 8 గంటల లోపు పొడిగించుకోవాలి. ఆ కిటికీ మూసుకునేలోపు మనిషి చూసుకుని ఉండాలి. పొరపాటున దాటిపోయి చెకింగ్‌లో దొరికితే పన్నుకు రెట్టింపు పెనాల్టీ పడొచ్చు. ఐదారు బండ్లు రోడ్డు మీదుంటే ఏ బిల్లు గడువు ఎప్పుడో గుర్తుపెట్టుకోవడం మాటలు కాదు. సాఫ్ట్‌వేర్ అయితే ముందే మోగుతుంది.

కానీ మామను కదిలించింది వడ్డీ లెక్కా కాదు, ఈ-వే బిల్లూ కాదు. మా గుమాస్తా తాత.

తాత ఆ ఆఫీసులో 22 ఏళ్లుగా ఉన్నాడు. ఏ పార్టీ ఎన్నాళ్లకు డబ్బిస్తుంది, ఏ లారీ ఓనరుకు ఎంత బాకీ, ఎవరికి ఎంత అడ్వాన్సు పోయింది, అన్నీ ఆయనకు తెలుసు. పుస్తకంలో రాసేది సగం. మిగతా సగం ఆయన తలలోనే. పోయినేడాది ఎండాకాలంలో ఆయనకు పక్షవాతం వచ్చింది. ప్రాణం దక్కింది కానీ మాట రావడానికి రెండు నెలలు పట్టింది.

ఆ రెండు నెలలు ఆఫీసుకు కళ్లు పోయినట్టయింది. పార్టీలకు ఫోన్ చేస్తే "మేం ఇచ్చేసినాం గదా" అన్నారు. లారీ ఓనర్లు వచ్చి "మాకింకా రావాల" అని కూర్చున్నారు. ఎవరిది నిజమో తెలిసిన ఒక్క మనిషికి మాట లేదు. మామ సాయంత్రాలు తాత మంచం పక్కన పుస్తకం తెరిచి ఒక్కో పేరు చదివేవాడు. బాకీ ఉంటే తాత వేలు పైకెత్తేవాడు. లేకపోతే అడ్డంగా ఆడించేవాడు. ఎంత బాకీ అంటే మాత్రం చెప్పలేక కళ్లనీళ్లు పెట్టుకునేవాడు. ఒకరోజు అక్కణ్నుంచి బయటికొచ్చి మామ నాకు ఫోన్ చేశాడు. "ఏదో ఒకటి తొందరగా చూడు అల్లుడూ. రేపు నాకేమన్నా అయితే మీ అత్తకు ఒక్క రూపాయి లెక్క కూడా తెలీదు."

చిన్న వ్యాపారాలు ఇలాంటివి ఎందుకు కొంటాయని అడిగితే, నా వరకు మొదటి జవాబు ఇదే. వేగం, ఆదా తర్వాతి మాటలు. వ్యాపారమంతా ఒకరిద్దరి తలల్లో ఉంటే, ఆ ఒకరిద్దరూ మంచాన పడ్డరోజు ఇల్లు కూడా మంచాన పడుతుంది.

మేం తీసుకున్నది పెద్దదేం కాదు. నెలనెలా చందా కట్టేది, ఫోన్‌లో నడిచేది. బిల్టీ ఒక్కసారి ఎక్కిస్తే అడ్వాన్సు, ఈ-వే బిల్లు, సంతకం కాయితం, పార్టీ బిల్లు, లారీ ఓనరు ఖాతా అన్నీ దానికే ముడిపడి ఉంటాయి. పాత బాకీలు ఎక్కించడానికి ఆరు వారాలు పట్టింది. అప్పటికి తాతకు మాట కొంచెం వచ్చింది. ఆటోలో ఆఫీసుకు వచ్చాడు. కంప్యూటర్ చూసి, "ఇంక నాతో ఏం పని?" అన్నాడు. మామ జవాబు చెప్పకుండా కుర్చీ జరిపి ఆయన్ని స్క్రీన్ ముందు కూర్చోబెట్టాడు.

పని చాలానే దొరికింది. మేం రెండు వేర్వేరు పార్టీలని ఎక్కించినవి ఒకే ఇంటి అన్నదమ్ముల సంస్థలని, ఒకరి బాకీ ఇంకొకరి ఖాతాలో సర్దుకునేవారని ఆయనే పట్టుకున్నాడు. అది ఏ సాఫ్ట్‌వేర్‌కూ తెలిసే విషయం కాదు.

డ్రైవర్లతో మాత్రం గొడవే అయింది. "మేమేమన్నా దొంగలమా, ఎంటబడి చూసుకునేకి?" అని ఒకాయన యాప్ వేసుకోనన్నాడు. ఆయన కోపంలో న్యాయం ఉంది. రోడ్డు మీద నిద్రలేని మనిషిని ఏసీ గదిలోంచి చుక్కలాగా చూడటం ఎవరికి నచ్చుతుంది? చివరికి లోడు ఎత్తిన దగ్గర్నుంచి దించేదాకే ట్రాకింగ్ ఆన్‌లో ఉండాలని, ఖాళీ బండికీ ఇంటి దగ్గరున్నప్పటికీ ఆఫ్ చేసుకోవచ్చని మాటైంది. ఆయన మనసు మారింది ఇంకోచోట. ఒక ఫ్యాక్టరీ గేటు దగ్గర బండి రెండు రోజులు ఆగింది. ఇంతకుముందు హాల్టింగ్ డబ్బు అడిగితే "నీ బండి నిన్ననే గదా వచ్చింది" అనేవాళ్లు. ఈసారి గేటు ముందుకు చేరిన టైమ్ యాప్‌లో ఉంది. డబ్బు ఇచ్చారు. మామ దాన్ని పూర్తిగా డ్రైవర్‌కే పంపాడు.

ఇది చెయ్యలేని పనులూ ఉన్నాయి. ఎగ్గొట్టే పార్టీ సాఫ్ట్‌వేర్ ఉన్నా ఎగ్గొడుతుంది. అయితే సాక్ష్యం ఉంటే చట్టం పనికొస్తుంది. ఉద్యమ్‌లో నమోదైన సూక్ష్మ, చిన్న సంస్థలకు రాతపూర్వక ఒప్పందం ఉంటే గరిష్ఠంగా 45 రోజుల్లో, లేకపోతే 15 రోజుల్లో డబ్బు ఇవ్వాలని 2006 నాటి ఎంఎస్ఎంఈడీ చట్టం చెబుతోంది. 2024 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చిన ఆదాయపు పన్ను నిబంధన ప్రకారం, ఆ గడువు దాటించిన పార్టీ ఆ ఖర్చును నిజంగా చెల్లించిన ఏడాదిలోనే చూపించుకోవాలి. సరుకు ఏ రోజు ముట్టిందో రుజువు మన చేతిలో ఉంటే ఈ మాట గట్టిగా అడగొచ్చు.

బేతంచెర్లలో బండల ఫ్యాక్టరీ, ఆదోనిలో పత్తి వ్యాపారం, కర్నూలు యార్డు నుంచి తాడేపల్లిగూడెం పోయే ఉల్లి లోడ్లు... మీ ఇంట్లోనో చుట్టాల్లోనో ఇలాంటిది ఉండి, మీరు హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో కూర్చుని ఇది చదువుతుంటే, ఒక మాట. డెమో వీడియోలు చూసే ముందు సెలవు పెట్టి వెళ్లి, ఆ గుమాస్తా పక్కన రెండు రోజులు కూర్చోండి. పుస్తకంలో లేనివి అడిగి రాసుకోండి. చందా మానేస్తే మన లెక్కలన్నీ ఎక్సెల్‌లో మనకు తిరిగొస్తాయా, స్క్రీన్ తెలుగులో ఉందా, డ్రైవర్ మామూలు ఫోన్‌లో నడుస్తుందా అని కంపెనీవాళ్లను అడగండి. మూడింట్లో ఏ ఒక్కదానికి "లేదు" అన్నా ఇంకోటి చూడండి.

తాత ఇప్పుడు పొద్దున పదింటికి వచ్చి మధ్యాహ్నం ఇంటికెళ్తున్నాడు. అత్త ఆయన దగ్గర కూర్చుని లెక్కలు నేర్చుకుంటోంది. పోయిన వారం ఫోన్ చేసి, ముంబయి బండి కాయితం వచ్చిందని, బిల్లు తనే పెట్టానని చెప్పింది.