ఇంటర్‌కూలర్‌కు ఏ గ్యాసు? ఆటోనగర్ షెడ్డులో ఒక పరిశీలన

టర్బో ఇంజిన్‌లోకి వెళ్లే గాలిని ఒత్తిడి పెంచి పంపుతుంది. ఒత్తిడి పెరిగితే వేడి పెరిగి తీరుతుంది. 35 డిగ్రీల గాలిని రెట్టింపు ఒత్తిడికి నొక్కితే, కంప్రెసర్ సామర్థ్యం 70 శాతం అనుకున్నా, బయటికి వచ్చే గాలి 130 డిగ్రీల దాకా ఉంటుంది. వేడి గాలి పలచగా ఉంటుంది కాబట్టి సిలిండర్‌లోకి ఆక్సిజన్ తక్కువ చేరుతుంది. పెట్రోల్ ఇంజిన్ అయితే నాకింగ్ మొదలవుతుంది, దాన్ని ఆపడానికి ఇంజిన్ కంప్యూటర్ (ఈసీయూ) స్పార్కును ఆలస్యం చేస్తుంది, పవర్ పడిపోతుంది. అందుకే టర్బోకూ ఇంజిన్‌కూ మధ్య ఇంటర్‌కూలర్ ఉంటుంది. 130 డిగ్రీల గాలిని అది 60కి దింపితే, ఒత్తిడి తగ్గనంతవరకూ, సాంద్రత ఇరవై శాతం పైగా పెరుగుతుంది.

చిక్కంతా బండి కదలనప్పుడే. ఎదురుగాలి లేక ఇంటర్‌కూలర్ ఇంజిన్ వేడిని పీల్చుకుంటూ కూర్చుంటుంది. బానెట్‌పై గాలి తీసుకునే స్కూప్ ఉన్న పాత ఫార్చ్యూనర్ లాంటి బండ్లలో అది ఇంజిన్ నెత్తినే ఉండడం వల్ల ఈ బాధ మరీ ఎక్కువ. డ్రాగ్ రేసులో వరుసలో నిలబడిన కారుకు మొదటి పది సెకన్లలోనే పవర్ కావాలి, ఇంటర్‌కూలర్ అప్పటికే కాగి ఉంటుంది. దానిపై చల్లటి గ్యాసు చిమ్మాలన్న ఆలోచన అక్కడ పుట్టింది. అమెరికాలో ఇందుకు కిట్లే అమ్ముతారు. మన దగ్గర మాత్రం వర్క్‌షాపుల్లో చేతిపనిగానే సాగుతోంది.

ఈ కథనం కోసం చూసింది విజయవాడ ఆటోనగర్‌లో టర్బో పనులు చేసే ఒక షెడ్డు. బెంచీ మీద విప్పిన ఇంటర్‌కూలర్, దాని ముందు సన్నటి రంధ్రాలు పొడిచిన రాగి గొట్టం, మూలన తడి గోనెపట్టా చుట్టిన ఒక సిలిండర్. ఆ పక్కనే కిలోల కాటా. కుర్రాళ్లు వచ్చి మొదట అడిగేది ‘నాస్ పెట్టేయ్ అన్నా’ అని. అంటే నైట్రస్ ఆక్సైడ్. షెడ్డు మేస్త్రీ మాత్రం కార్బన్ డయాక్సైడ్ సిలిండర్ వైపే చూపిస్తాడు. ఆయన మాట ఎందుకు సరైనదో లెక్క వేస్తే తెలుస్తుంది.

రెండు గ్యాసులూ అన్నదమ్ముల్లాంటివి. రెండింటి అణుభారం 44. రెండూ మామూలు ఉష్ణోగ్రతలో 50 నుంచి 57 బార్ల ఒత్తిడి దగ్గర ద్రవంగా నిల్వ ఉంటాయి. నైట్రస్ మైనస్ 88 డిగ్రీల వద్ద మరుగుతుంది. కార్బన్ డయాక్సైడ్ బయటి మామూలు ఒత్తిడిలో ద్రవంగా ఉండలేక మైనస్ 78 వద్ద మంచుపొడి అవుతుంది. కిలోకు లాగే వేడి చూస్తే మాత్రం రెంటికీ పెద్ద తేడా లేదు. 20 డిగ్రీల కార్బన్ డయాక్సైడ్ ద్రవం బయటపడి మామూలు గాలి వేడికి వచ్చేలోపు కిలోకు దాదాపు 250 కిలోజౌళ్లు పీలుస్తుంది. పది డిగ్రీల ఎక్కువ చలి చూసి నైట్రస్‌కు ఎక్కువ డబ్బు పోయడం అర్థం లేని పని.

పైగా నైట్రస్‌లో మరో గొడవ ఉంది. అది వేడికి విడిపోయి ఆక్సిజన్ ఇస్తుంది. ఇంటర్‌కూలర్‌పై చల్లినది ఎయిర్ ఫిల్టర్ వైపు కొట్టుకుపోయి ఇంజిన్‌లో చేరితే, దానికి తగ్గ పెట్రోల్ అందక మిశ్రమం లీన్ అవుతుంది, పిస్టన్ కరిగే ప్రమాదం ఉంటుంది. గొట్టాల్లో నూనె జిడ్డు ఉన్నా ముప్పే. కార్బన్ డయాక్సైడ్ కూడా ఫిల్టర్‌లోకి వెళ్తే మంచిది కాదు, ఆక్సిజన్ చోటు ఆక్రమించి ఇంజిన్‌ను ఉక్కిరిబిక్కిరి చేస్తుంది. కానీ పవర్ తగ్గడమే తప్ప పిస్టన్ పోదు. రెంటిలో ఒకటి ఎంచాల్సి వస్తే తప్పు జరిగినప్పుడు తక్కువ నష్టం చేసేదే ఎంచాలి.

చవకగా దొరుకుతుందని వంటగ్యాసు వైపు చూసేవాళ్లూ ఉన్నారు. ఎర్రగా కాగిన టర్బో పక్కన ప్రొపేన్, బ్యూటేన్ చల్లడం ఆత్మహత్యే. కంప్యూటర్ దుమ్ము ఊదే డబ్బాల్లో కొన్నిటి గ్యాసు కూడా మండేదే. కారు ఏసీ గ్యాసు 134ఎ మండదు గానీ ఖరీదు, వదిలితే వాతావరణానికి కార్బన్ డయాక్సైడ్ కంటే వెయ్యి రెట్లకు పైగా చేటు. ఆఫీసు గోడకు వేలాడే కార్బన్ డయాక్సైడ్ ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ పనికొస్తుంది, గొట్టం అడుగు దాకా ఉంటుంది కనుక ద్రవమే వస్తుంది. ఆ బిల్డింగ్‌కు నిప్పంటుకుంటే ఏం చేస్తారన్నది వేరే ప్రశ్న. పొడి నింపిన ఎక్స్‌టింగ్విషర్ మాత్రం వాడకూడదు, ఆ పొడి ఫిన్లలో కూరుకుపోతుంది.

సిలిండర్ ఎంపికలో అసలు కిటుకు ఇక్కడే. అడుగు దాకా దిగే సైఫన్ గొట్టం లేని సిలిండర్ నిలబెట్టి వాల్వు తిప్పితే పైన ఉన్న వాయువు మాత్రమే వస్తుంది. అప్పుడు చల్లబడేది ఇంటర్‌కూలర్ కాదు, సిలిండర్. ఆవిరయ్యే పని లోపలే జరిగిపోతుంది కాబట్టి దాని ఒళ్లే చెమర్చి, ఆపై తెల్లబడుతుంది. వెల్డింగ్ దుకాణాల్లో తిరిగే మామూలు సిలిండర్లు ఇలాంటివే. సైఫన్ ఉన్నది దొరక్కపోతే తలకిందులు చేసి బిగించాలి. ఇంకొకటి, ద్రవం ఉన్నంతవరకూ ఒత్తిడి మారదు గనక గేజీ చూసి ఎంత మిగిలిందో చెప్పలేం. అందుకే షెడ్డులో కాటా. నింపడం, కొలవడం అంతా బరువుతోనే.

గోనెపట్టాకు కూడా కారణం ఉంది. కార్బన్ డయాక్సైడ్ 31 డిగ్రీలు దాటాక ఎంత నొక్కినా ద్రవంగా ఉండదు. మే నెలలో విజయవాడ ఎండ 42 దాటుతుంది, డిక్కీలో ఉంచిన సిలిండర్ సంగతి చెప్పనక్కర్లేదు. 40 డిగ్రీలకే నిండు సిలిండర్‌లో ఒత్తిడి వంద బార్లకు చేరుతుంది, చల్లార్చే శక్తి మాత్రం నాలుగో వంతు దాకా తగ్గుతుంది. గాలి పొడిగా ఉన్న రోజున 42 డిగ్రీల్లోనూ తడి గోనె తన పని చేసుకుని సిలిండర్‌ను 30 లోపు ఉంచగలదు. విశాఖ తీరంలో ఉక్కపోత రోజున అది చాలదు, ఐసు తొట్టి కావాలి. సిలిండర్‌కు గడువులోని హైడ్రో టెస్టు ముద్ర ఉండడం తప్పనిసరి, లేనిది కొనకూడదు.

చల్లే తీరు కూడా గ్యాసు ఎంపికంత ముఖ్యం. అల్యూమినియం ఇంటర్‌కూలర్ 5 కిలోలు ఉంటే దాన్ని 20 డిగ్రీలు దింపడానికి 90 కిలోజౌళ్లు కావాలి, అంటే ఒక్క చుక్కా వృథా కాకపోతే 360 గ్రాముల గ్యాసు. సగం గాలికే పోతుంది కాబట్టి 700 గ్రాములు లెక్క వేసుకోవాలి. బండి పరుగెత్తేటప్పుడు కాక, గీత దగ్గర నిలబడి ఉండగానే విడతలు విడతలుగా చల్లి కోర్‌ను ముందుగా చల్లబరచడమే తెలివైన పని. ఒకేసారి ఎక్కువ చల్లితే గాలిలోని తేమ ఫిన్లపై మంచుగా పేరుకుని దారి మూసేస్తుంది. ఎండ్ ట్యాంకులు ప్లాస్టిక్‌వైతే వాటి మీద నేరుగా పడకూడదు, ఆ చలికి పెళుసుబారి పగులుతాయి. టీఎస్‌ఐ పోలో లాంటి కార్లలో ఇంటర్‌కూలర్ ఇన్‌టేక్ మేనిఫోల్డ్‌లోనే ఉంటుంది, దాన్ని చల్లబరిచేది కూలెంటే. వాటికి ఏ గ్యాసు చల్లినా ఫలితం ఉండదు.

తలుపులు మూసిన షెడ్డులో ఈ ప్రయోగం చేయకూడదు. రెండు కిలోల కార్బన్ డయాక్సైడ్ దాదాపు 1.1 ఘనపు మీటర్ల వాయువు అవుతుంది. 30 ఘనపు మీటర్ల చిన్న గ్యారేజీలో అది నాలుగు శాతానికి దగ్గరగా వస్తుంది. ప్రాణాపాయం మొదలయ్యే హద్దుగా భద్రతా ప్రమాణాలు చెప్పేది ఆ నాలుగు శాతాన్నే.

ఇంత చెప్పాక నీళ్ల సంగతి చెప్పకపోతే అన్యాయం. కిలో నీరు ఆవిరైతే పోయే వేడి 2,400 కిలోజౌళ్లు, అంటే అదే బరువు గ్యాసు కంటే దాదాపు పది రెట్లు. సుబారు డబ్ల్యూఆర్‌ఎక్స్ ఎస్‌టీఐ, మిత్సుబిషి లాన్సర్ ఎవల్యూషన్ కార్లలో కొన్నిటికి కంపెనీ వారే ఇంటర్‌కూలర్‌పై నీళ్లు చల్లే ఏర్పాటు ఇచ్చారు. నీటికున్న పరిమితులు రెండు. ఉక్కపోతలో నెమ్మదిగా ఆవిరవుతుంది, రేసు గీత దగ్గర కారితే టైరు కింద జారుతుంది. బోరు నీళ్లు పోస్తే ఫిన్ల మీద ఉప్పు పెచ్చులు కడుతుంది గనక బ్యాటరీకి పోసే డిస్టిల్డ్ వాటరే వాడాలి.

డ్రాగ్ రేసు వాడకానికి సైఫన్ ఉన్న కార్బన్ డయాక్సైడ్ సిలిండర్ సరిపోతుంది, నైట్రస్ అక్కర్లేదు. రోజువారీ రోడ్డు మీద తిరిగే కారుకు రెండూ అక్కర్లేదు. ఆ డబ్బుతో పెద్ద ఇంటర్‌కూలర్ వేయించుకోవచ్చు, అది కూడా ఆర్టీవో ఆఫీసులో అడిగాకే. తయారీదారు ఇచ్చిన రూపానికి భిన్నంగా బండిని మార్చడానికి 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ హద్దులు పెట్టింది.