యాంటెన్నా పట్టుకున్న నాయన

క్రిస్మస్ వస్తే మా మాదిగపల్లెకి మూడు కావాలి. గుడికి సున్నం, ఒంటికి కొత్తగుడ్డ, టీవీలో ‘కరుణామయుడు’. మొదటి రెండూ కూలిడబ్బులతో ఎట్టాగో అయ్యేవి. మూడోదానికి కామందు ఇంటికి పోవాల్సిందే. ఊరికీ పల్లెకీ కలిపి మాకు తెలిసిన టీవీ అదొక్కటే.

మాది ప్రకాశం జిల్లా. 1878 జూలై 3న, కరువు కాలంలో, గుండ్లకమ్మ దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఎక్కువమంది మాదిగలే. మా ముత్తాతల వాళ్లూ అందులో ఉన్నారని నాయనమ్మ చెప్పేది. నూరేళ్లకి, 1978లో, ఎ. భీమ్‌సింగ్ తీసిన ‘కరుణామయుడు’ వచ్చింది. యేసుగా విజయచందర్. పల్లెల్లో తెరగట్టి కూడా వేసేవాళ్లు. మావోళ్లకి ఆయన మొహమే యేసయ్య మొహం.

1990ల చివర, నేను మూడో తరగతి. క్రిస్మస్ సెలవుల్లో దూరదర్శన్‌లో ఆ సినిమా వేస్తున్నారని తెలిసి అమ్మ నన్నూ చెల్లెల్నీ తీసుకుపోయింది. టీవీ లోపలగదిలో. మేం బయట కిటికీ కింద. చువ్వల మధ్య నుంచి మెడలు చాపి చూస్తున్నాం. యేసయ్య రోగుల్ని చేత్తో ముట్టి బాగుచేస్తున్నాడు. అమ్మ కళ్లెమ్మట నీళ్లు.

చెల్లెలు దప్పికన్నది. కామందు ఇల్లాలు చెంబు తెచ్చింది. “పట్టవే దోసిలి” అన్నది. అమ్మ వంగి దోసిలి పట్టింది. ఆమె ఎత్తునుంచి పోసింది. చెంబు తగలకుండా, చెయ్యి తగలకుండా. ఆ దోసిట్లోంచే చెల్లెలు తాగింది. లోపల సినిమా నడుస్తానే ఉంది.

దారిలో అడిగా, “యేసయ్య అందర్నీ ముట్టుకున్నాడు గదమ్మా, మరి ఆమె...”

“నోర్ముయ్యి. రేపు వాళ్ల చేలోనే కందికోత” అన్నది అమ్మ.

ఇంటికొచ్చినాక నాయన ఒకటే మాటన్నాడు. “మన దేవుణ్ణి చూట్టానికి ఆళ్ల కిటికీ కింద కూచున్నావా?”

ఏడాదంతా పల్లెలో చందాలెత్తారు. మళ్లీ క్రిస్మస్‌కి పాత బ్లాక్ అండ్ వైట్ టీవీ వచ్చింది. గుడిముందు బల్లమీద పెట్టారు. బొమ్మ నిలవడం లేదు. నాయన గుడి గోడెక్కి, గంటస్తంభాన్ని ఆనుకుని, యాంటెన్నా గొట్టం పట్టుకుని నిలబడ్డాడు. “వచ్చింది మావా! పోయింది! తూర్పుకి తిప్పు!” అని కిందనుంచి కేకలు. వదిలితే బొమ్మ పోతుంది. సినిమా అయిందాకా ఆయన దిగలా. దిగినాక అమ్మనడిగాడు, “అందరికీ బాగా కనపడిందా?”

ఆయన మాత్రం ఆ సినిమా చూళ్లా.

అదే నాయన, నన్ను బళ్లో వేసినరోజు, మతమేమిటని అయ్యవారు అడిగితే “హిందూ అని రాయండయ్యా” అన్నాడట. ఎందుకన్నాడో డీఎస్సీ రాసేనాటికి నాకు తెలిసింది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువు కానివాడు ఎస్సీ కాడు. 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని కలిపారు. క్రైస్తవుల్ని కలపలేదు. క్రైస్తవంలోకి మారిన ఎస్సీలు మా రాష్ట్రంలో బీసీ-సి. మతం మారితే కులం పోతుందంట! అమ్మ దోసిట్లోకి నీళ్లెత్తి పోసినప్పుడు ఆమె మా మతమేమిటని అడిగిందా?

ఉద్యోగం వచ్చింది. మా వంశంలో డిగ్రీ చదివింది నేనే మొదలు. ఓ డిసెంబరులో స్టాఫ్‌రూంలో తోటి టీచరు నవ్వుతా అడిగాడు. “మీరు క్రిస్మస్ చేసుకుంటారా మాస్టారూ?” ఆ నవ్వు వెనక ఏముందో నాకు తెలుసు.

“సెలవే గదండీ. టీవీలో ఏదో పాత సినిమా వేస్తారు, చూస్తాం” అన్నాను.

ఏదో పాత సినిమా! ఆ రాత్రి అన్నం సయించలా.

నాయన ఇప్పుడు లేడు. ‘కరుణామయుడు’ నా సెల్‌ఫోన్లోనే ఉంది. ఎవరి కిటికీ కిందా కూచోనక్కర్లా, ఎవరూ గోడెక్కనక్కర్లా. అయినా స్టాఫ్‌రూంలో ఆ పేరెత్తాలంటే ఇప్పటికీ గొంతు పట్టుకుంటది. ఆయన చేతులు నొప్పెట్టినా యాంటెన్నా వదల్లేదు. నేను ఒక్క మాట అడిగేసరికే వదిలేశాను. అది ఏదో పాత సినిమా కాదు. మాది.