దున్నపోతు మీద చినుకు

మొన్న శ్రావణ శుక్రవారం పేరంటానికి వచ్చిన మా చిన్నత్తగారు "అమ్మాయి అమెరికాలో ఏం చదువుతోందమ్మా?" అని అడిగారు. "ఫిజిక్స్‌లో పిహెచ్‌డీ అత్తయ్యగారూ" అన్నాను. "అంటే ఏం చేస్తుంది?" అన్నారు. నాకు తెలిస్తే కదా చెప్పడానికి! తాంబూలం చేతిలో పెట్టి మాట మార్చేశాను. ఆవిడ వెళ్తూ వెళ్తూ, మంచి సంబంధం ఉందనీ, ఇంక ఆలస్యం చేయొద్దనీ మరీ మరీ చెప్పారు.

ఆ రాత్రి అమ్మాయితో ఫోన్లో ఆ సంగతి కదిపాను. "ఇంకా రెండేళ్ళు పడుతుందమ్మా" అంది. ఎప్పుడూ అయితే "సరే, తిన్నావా?" అని పెట్టేసేదాన్ని. ఆ రోజెందుకో "అసలు నువ్వు చేసేదేమిటో నాకర్థమయ్యేలా చెప్పు" అన్నాను. అటునుంచి కాసేపు మాట లేదు. నాలుగేళ్ళలో నేనలా అడగడం అదే మొదటిసారి మరి.

న్యూట్రినోలని అతి సూక్ష్మమైన కణాలున్నాయట. సూర్యుడి నుంచి వచ్చేవే మన బొటనవేలి గోరులోంచి సెకనుకి వేల కోట్లు దూసుకుపోతాయట. ఇల్లు, ఒళ్ళు, భూమి, దేన్నయినా దాటిపోతాయి. ఎక్కడో ఒకటి మాత్రం పరమాణువు కేంద్రకాన్ని తాకుతుంది.

"దున్నపోతు మీద వాన చినుకులాగా?" అన్నాను.

"అదేనమ్మా! ఆ చినుక్కి దున్నపోతు ఎంత కదిలిందో కొలవాలి" అని పకపకా నవ్వింది.

న్యూట్రినో కేంద్రకం మొత్తాన్నీ ఒకే ముద్దగా నెట్టగలదని 1974లో, నేనింకా పుట్టకముందు, డేనియల్ ఫ్రీడ్‌మన్ అనే శాస్త్రవేత్త చెప్పాడట. దాన్ని కొలుద్దామనుకోవడం అహంకారమే కావచ్చని కూడా ఆయనే రాశాడట. కొలిచామని ప్రకటించింది 2017లో. 43 ఏళ్ళు! అమెరికాలోని టెనెసీలో, ఓక్ రిడ్జ్ ప్రయోగశాల నేలమాళిగ నడవాలో, 14.6 కిలోల సీజియం అయొడైడ్ స్ఫటికం పెట్టుకుని కూర్చున్నారట. కేంద్రకం కదిలితే అందులో చిన్న మెరుపు. ఏడాదికి పైగా కాచుకుంటే లెక్కకి తేలినవి సుమారు 134.

"ఇంత శ్రమ దేనికే?"

"ఎంత తరచుగా తగులుతాయో తెలిస్తేనే కదమ్మా, తగిలినవాటిని బట్టి ఎన్ని వచ్చాయో లెక్కగట్టేది?"

మా అమ్మాయి పనీ ఇలాంటి కొలతల మీదేనట. వేరే కారణాలతో వచ్చే దొంగ మెరుపుల్ని బియ్యంలో రాళ్ళలా ఏరిపారేయడంతోనే రెండేళ్ళు గడిచాయట. "ఒక్కోసారి వదిలేసి వచ్చేద్దామనిపిస్తుందమ్మా" అంది. గొంతు మారింది.

ఆ మాట ఎన్నాళ్ళనుంచి మనసులో పెట్టుకుందో! నేను రోజూ "తిన్నావా?" దగ్గరే ఆగిపోయాను. ఆ రాత్రి గంటన్నర మాట్లాడుకున్నాం. పెళ్ళి ఊసు మళ్ళీ ఎత్తలేదు.

మర్నాడు చిన్నత్తగారికి ఫోన్ చేసి రెండేళ్ళు ఆగుతామన్నాను. ఆవిడకి కోపమొచ్చింది. అయినా అమ్మాయి ఏం చేస్తోందో ఈసారి చెప్పగలిగాను, దున్నపోతు దగ్గర మొదలుపెట్టి. ఆవిడకెంత అర్థమైందో తెలీదు గానీ, మధ్యలో ఫోన్ పెట్టేయలేదు.

మీ పిల్లలు ఏం చేస్తున్నారో మీరెప్పుడైనా అడిగారా?