నేను కూర్చున్న కుర్చీ

క్రితం ఏడాది కార్తీకమాసం. మర్నాడు వనభోజనాలకి పులిహోర చెయ్యాలని చింతపండు నానబెట్టి అప్పుడే నడుం వాల్చాను. రాత్రి పదకొండున్నరకి తమ్ముడి ఫోన్.

"అక్కా, పడుకున్నావా?"

ఆ వేళప్పుడు ఆ ప్రశ్న వింటేనే గుండె గుభేలుమంది. ఎవరో స్నేహితుడి ప్రమోషన్ పార్టీట. తిరిగొస్తుంటే దారిలో పోలీసులు ఆపి మెషిన్‌లో ఊదమన్నారట. 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటకూడదని చట్టం. మావాడిది 84 చూపించింది. తాగనివాళ్ళు ఎవరైనా వెంట ఉంటే బండి వాళ్ళ చేతికిచ్చేవాళ్ళే, వీడొక్కడే ఉన్నాడు. బండి స్టేషన్లో పెట్టి, వీడి చేతికో కాగితం ఇచ్చి పంపించారు.

"తనకి మాత్రం చెప్పకక్కా" అన్నాడు చివర్లో. తనంటే మా మరదలు. వాళ్ళమ్మకి కంటి ఆపరేషనని పిల్లని తీసుకుని నల్గొండ వెళ్ళింది. బండి ఏదంటే మెకానిక్ దగ్గరుందని చెప్తాట్ట.

నేను సరేనన్నాను. ఇప్పుడు తల్చుకుంటే, నేను చేసిన మొదటి తప్పు ఆ 'సరే'.

మర్నాడు మావారు లైసెన్సు, బండి ఆర్సీ పట్టుకెళ్ళి బండి తెచ్చారు. వచ్చి ఒక్క మాటే అన్నారు: "దాస్తే దాగే విషయమేనా ఇది? ఆ అమ్మాయికి చెప్పించు." మగవాళ్ళకేం తెలుసు కాపురాల సంగతి అనుకున్నాను నేను!

అప్పటిదాకా నాకు ట్రాఫిక్ కేసంటే చలానాయే. మా ఇంట్లో చలానాలకి కొదవ లేదు. మీకూ తెలిసే ఉంటుంది, తెలంగాణ పోలీసుల ఈ-చలానా సైట్లో బండి నంబరు కొడితే మన పాపాల చిట్టా అంతా వస్తుంది. ఏ రోజు, ఏ వేళ, ఏ చౌరస్తా, ఎంత జరిమానా, పైన 35 రూపాయల యూజర్ చార్జీ, పక్కనే ఫోటో. 2022 మార్చిలో ఒకసారి, 2023 డిసెంబరులో మరోసారి పెండింగు చలానాలకి భారీగా తగ్గింపు ఇచ్చారు. రెండోసారైతే టూవీలర్లకి ఏకంగా 80 శాతం. అప్పటినుంచీ మావారు ఆషాఢం సేల్ కోసం నేను చూసినట్టు చలానా డిస్కౌంటు కోసం చూస్తుంటారు.

తాగి నడిపింది అలా కాదని అప్పుడే తెలిసింది. ఆన్‌లైన్లో డబ్బు కట్టేసి చేతులు దులుపుకోవడం కుదరదు. మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ కింద అది కేసు. కోర్టుకి వెళ్ళాల్సిందే. మొదటిసారికి ఆరు నెలల వరకు జైలు గానీ, పదివేల జరిమానా గానీ, రెండూ గానీ వెయ్యొచ్చు. మళ్ళీ దొరికితే రెండేళ్ళు, పదిహేను వేలు. కోర్టు కంటే ముందు కౌన్సెలింగ్ ఒకటి ఉంటుంది. దానికి ఇంట్లోవాళ్ళని వెంట తీసుకురమ్మన్నారు.

నేను వెళ్ళాను.

పెద్ద హాలు, ప్లాస్టిక్ కుర్చీలు. మగవాళ్ళంతా తలలు దించుకుని కూర్చున్నారు. పక్కనే భార్యలు, తల్లులు. ఒకావిడ పసిపిల్లని ఒళ్ళో వేసుకుని జోకొడుతోంది. ఒక పెద్దావిడ కొడుకు చెయ్యి వదలకుండా పట్టుకుంది, స్కూల్లో మొదటిరోజు దింపడానికి వచ్చినట్టు. తెర మీద యాక్సిడెంట్ల వీడియోలు వేశారు. రెండోది మొదలయ్యేసరికి నేను కళ్ళు మూసుకున్నాను. చప్పుడు మాత్రం వినిపిస్తూనే ఉంది.

ఆఫీసరు అందరినీ అడుగుతూ మా దగ్గరికొచ్చాడు. "మీరేమవుతారమ్మా?"

"అక్కనండి."

"భార్య రాలేదా?"

"ఊళ్ళో లేదండి" అన్నాను. అబద్ధం కాదు. కానీ ఆ మాట అంటున్నప్పుడు నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

కోర్టు తేదీ ఫోనుకి మెసేజ్ వస్తుందన్నారు. రెండు వారాలైనా రాలేదు. ఆరా తీస్తే, మావాడు ఆ రాత్రి కంగారులో పాత సిమ్ నంబరు ఇచ్చాడని తేలింది. వాయిదాకి వెళ్ళకపోతే వారెంటు వస్తుందని ఎవరో భయపెట్టారు. ఒక ఏజెంటు ఐదువేలిస్తే అంతా తనే చూసుకుంటానన్నాడు. ఇంట్లో కూర్చుని చూసుకోగలిగే దానికి ఐదువేలా అని మా అబ్బాయి నవ్వి ఈ-కోర్ట్స్ సైట్ తెరిచిచ్చాడు.

వెతకడం పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. కేస్ స్టేటస్ అన్నచోట రాష్ట్రం, జిల్లా, కోర్టు కాంప్లెక్సు ఎంచుకోవాలి. కేసు నంబరుంటే దాంతో, లేకపోతే పార్టీ పేరు, సంవత్సరం ఇచ్చి వెతకొచ్చు. పదహారు అక్షరాల సీఎన్ఆర్ నంబరు ఉంటే ఇవేవీ అక్కర్లేదు, నేరుగా ఆ కేసే తెరుచుకుంటుంది. మా దగ్గర పేరొక్కటే ఉంది.

అక్కడే నా బీఏ తెలుగు చేతులెత్తేసింది. మావాడి పేరులో 'శ్రీ' ఉంది. తెలుగులో శ్రీ ఒకటే. ఇంగ్లీషులో ఒక 'ఐ' పెట్టారా, రెండు 'ఈ'లా? 'వ'కి వీ నా, డబ్ల్యూ నా? ఇంటిపేరు ముందా, వెనకా? ఒక్కోసారి ఒక్కోలా కొట్టడం, ఆ వంకర టింకర అక్షరాలు మళ్ళీ నింపడం. పొయ్యి మీద పప్పు మాడింది కూడా. ఐదోసారికి దొరికింది.

ఒక పక్క రాష్ట్ర ప్రభుత్వం, ఎదురుగా మా తమ్ముడి పేరు. ఆ పేరు మా నాన్న పెట్టింది. బారసాల నాడు పళ్ళెంలో బియ్యం మీద ఆయన ఉంగరంతో రాస్తుంటే, ఎనిమిదేళ్ళ పిల్లని, పక్కనే కూర్చుని చూశాను. ఆ పేరు ఇక్కడ ముద్దాయి పేరై కనిపిస్తుందని ఎవరనుకున్నారు?

కింద వాయిదా తేదీ ఉంది. నాలుగు రోజులే టైము.

కోర్టులో జరిగింది చెప్పడానికి పెద్దగా లేదు. పొద్దున పదింటికి వెళ్ళి మధ్యాహ్నందాకా వరండాలో నిలబడ్డాం. పేరు పిలిచారు. తప్పు ఒప్పుకుంటున్నావా అంటే ఒప్పుకుంటున్నానన్నాడు. జరిమానా వేశారు. కట్టి, రసీదు తీసుకుని బయటికొచ్చాం. గండం గడిచిందనుకుని దార్లో ఇద్దరం చెరుకురసం తాగాం కూడా.

వారం తర్వాత ఊరికే మళ్ళీ సైట్ తెరిచి చూశాను. కేసు ముగిసిందని ఉంది. కానీ పేరు అక్కడే ఉంది, తేదీలతో సహా. అప్పుడు తట్టింది. నాకు కనిపించింది ఎవరికైనా కనిపిస్తుంది. మా మరదలికి వాడి పేరు ఇంగ్లీషులో ఎలా రాస్తారో ఐదుసార్లు వెతకక్కర్లేదు. బడి ఫారాల మీదా బ్యాంకు కాగితాల మీదా రోజూ రాసేది తనే.

"ఆదివారంలోగా నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?" అన్నాను తమ్ముడితో. వాడే చెప్పాడు.

సోమవారం మరదలు మా ఇంటికొచ్చింది. కాఫీ వద్దంది. కేకలేస్తుందనుకున్నాను, వెయ్యలేదు.

"కౌన్సెలింగుకి మీరెళ్ళారట కదా వదినా."

"నువ్వు ఊళ్ళో లేవు కదమ్మా..."

"నల్గొండ ఎంత దూరం? ఫోన్ చేస్తే బస్సెక్కి వచ్చేదాన్ని. ఆ కుర్చీ నాది వదినా. ఆ వీడియోలు ఆయన పక్కన కూర్చుని నేను చూడాల్సింది." కాసేపాగి మళ్ళీ అంది: "సరే, ఇదే మొదటిసారా అని అడిగారా ఆయన్ని?"

నేను అడగలేదు. వాడికి అన్నం తిన్నావా అని అడిగాను, డబ్బుందా అని అడిగాను, భయపడకు అన్నాను. ఆ ఒక్క ప్రశ్నా నాకు తట్టలేదు. తను అడిగింది. మొదటిసారి కాదుట. మొదటిసారి దొరికింది మాత్రమే. ఒక్కోసారి పిల్లని ట్యూషన్ నుంచి తీసుకొచ్చే దారిలో కూడా...

ఆ మాట విన్నాక నాకు రెండు రాత్రులు నిద్ర పట్టలేదు. తమ్ముడిని కాపాడుతున్నానని అనుకున్నాను. నేను కాపాడింది వాడి అలవాటుని.

మూడు నెలలు మరదలు నాతో ముక్తసరిగానే మాట్లాడింది. సంక్రాంతికి అరిసెలు పంపింది గానీ తను రాలేదు. ఉగాదికి వచ్చి, వేపపువ్వు నేను దులుపుతానంటూ వంటింట్లోకి నడిచింది. అంతే, ఆ విషయం మళ్ళీ ఎత్తలేదు ఇద్దరం. ఇప్పుడు శనివారం సాయంత్రం అయ్యేసరికి బండి తాళం తన కొంగుకి ఉంటుంది.

ఇది రాయడానికి ముందు వాళ్ళిద్దరినీ అడిగాను. "రాయండి వదినా, ఎవరికైనా పనికొస్తుంది" అంది తనే.

అందుకని నేను తెలుసుకున్న నాలుగు ముక్కలు చెప్తాను. నెలకోసారి మీ ఇంట్లో బళ్ళ నంబర్లు కొట్టి చలానాలు మీరే చూడండి. ఫోటో కూడా తెరవండి. అది మీ బండి కాకపోతే వెంటనే ఫిర్యాదు పెట్టండి, మీదైతే ఎవరు నడుపుతున్నారో, నెత్తిన హెల్మెట్ ఉందో లేదో చూడండి. పాత బండి కొనేముందూ చూడండి, అమ్మాక పేరు మారిందో లేదో చూసుకోండి. చలానా కాక కేసే అయితే వాయిదా తప్పనివ్వకండి. తేదీ తెలియకపోతే ఈ-కోర్ట్స్‌లో వెతకండి, పేరు రెండు మూడు స్పెల్లింగులతో కొట్టండి. ఫోన్ నంబరు సరిగ్గా ఇచ్చారో లేదో ముందే అడగండి.

అన్నిటికంటే ముందు, అర్ధరాత్రి ఫోన్ చేసి "తనకి చెప్పకు" అంటే మాత్రం సరే అనకండి.

మొన్న శనివారం తమ్ముడు ఫోన్ చేశాడు. "అక్కా, ఆఫీసువాళ్ళ పార్టీ. ఆటోలో వెళ్ళి ఆటోలోనే వస్తాలే" అన్నాడు.

"నాకెందుకురా చెప్తావు? మీ ఆవిడకి చెప్పు" అన్నాను.